రాతి గుడి తలుపుకు వేలం వేసినాయన

మొన్న మా తమ్ముడి టమాట డబ్బాలతో పాటు నేనూ చేవెళ్ల మార్కెట్టుకు పోయాను. అక్కడ వేలం వేసే మనిషి డబ్బా మీద కాలు పెట్టి "ఒకటి, రెండు, మూడు, పో" అని ఒక్క ఊపిరిలో అనేసి పక్క డబ్బా మీదికి పోతున్నాడు. కొన్నవాడి ముఖం చూడలేదు, అమ్మినవాడి ముఖం అసలే చూడలేదు. రేటు బాగానే వచ్చిందని తమ్ముడు సంబరపడ్డాడు. నేను మాత్రం పోయి ఖాళీ సంచుల మీద కూర్చున్నాను.

"ఏమైందక్కా, ఎండ తగిలిందా?"

"ఎండ కాదురా. పెద్దబాపు యాదికొచ్చిండు."

వాడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

పెద్దబాపు మా నాయనకు అన్న వరస. మా ఇంటికి ఎదురిల్లు. పోయిన వానాకాలంలో కాలం చేశాడు. ఊళ్లో ఆయనను చదువుకో, భూమికో, పదవికో తలుచుకునేవాళ్లు లేరు. అవేవీ ఆయనకు లేవు. కోతల పండుగ వేలం అంటే మాత్రం ఆయన తప్ప ఇంకొకరు గుర్తుకు రారు.

కోతల పండుగ అంటే, తెలియనివాళ్లకు చెబుతున్నాను, పంట ఇంటికొచ్చాక ఒక ఆదివారం ఎవరికి పండింది వాళ్లు గుడికి తెస్తారు. జొన్నలు, కందులు, గుమ్మడికాయ, కోడి, మేకపిల్ల, ఏమీ పండనివాళ్లు పెరట్లో కాసిన నిమ్మకాయ. మాది మెథడిస్టు గుడి, మేం చర్చిని గుడి అనే అంటాం. ఆరాధన ముగిశాక గుడి వాకిట్లో బల్ల వేసి వాటన్నిటినీ వేలం వేస్తారు. వచ్చింది గుడికి. ఇంతవరకు అన్ని ఊళ్లలో ఉన్నదే. మా గుడిలో దానికి ఒక తోక ఉంది. పాట గెలిచినవాడు ఆ వస్తువును ఇంటికి తీసుకుపోడు. "మల్ల దేవునికే" అని తిరిగి బల్ల మీద పెడతాడు. దానికి మళ్లీ వేలం. మళ్లీ ఒకడు గెలుస్తాడు, వాడూ తిరిగి పెడతాడు. అట్లా ఒక గుమ్మడికాయ సగం ఊరికి అమ్ముడుపోయి బల్ల మీదనే ఉండేది. చివరికి, నిజంగా ఎవరింట్లో అక్కర ఉందో వాళ్లు పాడినప్పుడు మిగిలినవాళ్లు ఊరుకుంటారు. అది వాళ్ల ఇంటికి పోతుంది. ఎవరికి అక్కర ఉందో ఎవరూ నోటితో చెప్పరు. అది కనిపెట్టి పాటను అటు తిప్పడమే పెద్దబాపు పని.

వస్తువును అరచేతిలో పెట్టుకొని, పురిటిబిడ్డను చుట్టాలకు చూపించినట్టు నాలుగు దిక్కులా చూపించేవాడు. "ఒకటోసారి" అని భుజం మీది తువ్వాలను ఇటునుంచి అటు మార్చేవాడు. "రెండోసారి" అని ఆగి, పాడినవాడిని పిలిచి ఇంటి సంగతి అడిగేవాడు.

"ఏందిరా, మీ అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా?"

"తగ్గింది పెద్దబాపూ. జెల్దిన మూడు అనరాదే."

"అంటనయ్యా. కోడి యాడికి పోతది, కాళ్లు కట్టేసే ఉన్నయిగ."

ఆ మాటల్లో ఇంకొకడు పాట పెంచేవాడు. అప్పుడు మళ్లీ మొదటికి. అందరి ముఖాలూ ఒక్కసారి చూసుకోకుండా ఆయన నోటినుంచి మూడోసారి వచ్చేది కాదు.

ఒక ఏడు ఒక పెట్టను ఇద్దరు బావమరుదులు పంతాలకు పోయి పాడుకుంటూ తిరిగి ఇస్తూ, ఇస్తూ పాడుకుంటూ ఉండగా ఆ పెట్ట బల్ల మీదనే గుడ్డు పెట్టింది. పెద్దబాపు గుడ్డును ఎత్తి పట్టుకొని, "గీ సాక్ష్యం ఇన్నరా? దేవుని పని మీద ఉన్న కోడి ఖాళీ చేతులతోని కూసోదు. ఒకటోసారి!" అన్నాడు. ఆడవాళ్ల వైపు మేమంతా కడుపు పట్టుకొని నవ్వాం. గుడ్డుకు పాట మొదలైంది. వెనుక వరుసలో ఒక బాలింత సన్న గొంతుతో పాడగానే ఆయన మూడుసార్లూ గబగబా అనేశాడు. ఆయన తొందరపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇంత నేర్పరి, తన సంగతికి వస్తే నోట్లో నాలుక లేనివాడు. సంతలో బీరకాయలు ఎంత చెబితే అంతకు కొనుక్కొచ్చేవాడు. మొయినాబాద్ చుట్టూ భూములు ఫామ్‌హౌసులకు పోతున్న రోజుల్లో ఆయనకున్న కాస్త మెట్ట చెలకకూ ఒక బేరం వచ్చింది. వచ్చినాయన అడిగిన మొదటి ధరకే తల ఊపి వచ్చాడు. పెద్దమ్మ వాకిట్లో నిలబడి వాడంతా వినేటట్టు అన్నది:

"దేవుని నిమ్మకాయకు మేక ధర తెచ్చినోడు, మన చెలకను నిమ్మకాయ ధరకు ఇచ్చొచ్చిండు!"

ఆయన అరుగు మీద కూర్చొని కాళ్లు ఒత్తుకుంటున్నాడు. "ఇచ్చేటోడు ఒకడు, పాడేటోడు ఒకడు, నడుమ అరిసేటోడు ఒకడు ఉండాలెనే. మూడూ నేనే అయితే ఎట్ల?" అన్నాడు. ఆ చెలకలో తరువాత గులాబీల పాలీహౌసు వేశారు. కొన్నాళ్లు అందులోనే నీళ్లు కట్టే కూలికి పోయాడు. దాని గురించి ఎవరైనా ఎత్తిపొడిస్తే, "పూలు మంచిగ పూస్తున్నయి" అనేవాడు. అంతే.

ఇక ఆ గుడి. ఊరంతా దాన్ని రాతి గుడి అనేవారు. మా తాతల కాలంలో గుర్రం మీద ఒక తెల్ల దొర, ఆయన వెనుక గొడుగు పట్టుకొని దొరసాని వచ్చేవాళ్లట. అప్పటిదాకా వేపచెట్టు కింద ప్రార్థన. ఊరి పటేలు ఒక మూల జాగా ఇచ్చాడు. సీతాఫలం కూడా మొలవని రాళ్ల నేల. ఆ రాళ్లనే పగలగొట్టి గోడలు కట్టుకున్నారు. సున్నాన్ని ఎడ్ల గానుగలో ఆడించి, బెల్లం నీళ్లు కలిపి, ఆడవాళ్లు తట్టలతో మోశారు. పగలు పటేలు పొలంలో పని, పొద్దుగూకాక గుడి పని. లోపలికి జరిపి కట్టుకోండని దొర అంటే మా తాతలు వినలేదట. "దారి పక్కన్నే ఉండాలె దొరా. పొయ్యేటోడు, ఒచ్చేటోడు సూడాలె, మాకూ ఒక గుడి ఉన్నదని." ఆ ముచ్చట చెప్పేటప్పుడల్లా పెద్దబాపు గొంతు కొంచెం లేచేది. అప్పుడది బండ్ల బాట. తరువాత కంకర రోడ్డయింది, తారు రోడ్డయింది. చివరికి ఆ రోడ్డే వెడల్పయి గుడి మీదికి వచ్చింది.

గుడిలో బెంచీలు లేవు. చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చునేవాళ్లం. ఉన్న ఒక్క గొప్ప వస్తువు తలుపు. రెండు రెక్కల టేకు తలుపు. అప్పటి మా ఊరి వడ్లాయన, అంటే వడ్రంగి, చేసిందే. కాలం గడిచి ఎడమ రెక్క కిందికి జారి బండకు రాసుకునేది. పెద్దబాపు ఆదివారం పొద్దున వచ్చి, కాలి బొటనవేలు దాని కింద పెట్టి, కొంచెం లేపి, చేత్తో నెట్టేవాడు. పండుకున్న మనిషిని మెల్లగా లేపినట్టుండేది. ఇంకెవరు తీసినా అది కీచుమని అరిచేది.

రోడ్డు వాళ్లు గోడకు ఎర్ర గీత గీసిపోయాక సంఘం కూర్చున్నది. కొట్లాడదామన్నవాళ్లున్నారు, కోర్టు ఎక్కే మెట్టు దిగే మెట్టు మన వల్ల కాదన్నవాళ్లున్నారు. ఊరి లోపల ఒక చిన్న ప్లాటు చూసుకొని మెల్లగా కొత్త గుడి కట్టుకుందామని, అప్పటిదాకా ఒక దుకాణం షట్టరు కిరాయికి తీసుకుందామని తేలింది. గంట ఒక్కటి దాచుకొని రాళ్లు, దూలాలు, పెంకులు, తలుపు అన్నీ వేలం వేద్దామన్నారు.

పెద్దబాపు అప్పుడు నోరు విప్పాడు. "తలుపు వద్దు. తలుపు కొత్త గుడికి పెట్టుకుందం."

సంఘపెద్ద అన్నాడు: "అన్నా, పిలగాండ్లు అద్దాల తలుపులు పెడుదమంటున్నరే."

"అద్దాల తలుపా? అదేమన్న బట్టల దుకాణమానయ్యా?"

అందరూ నవ్వారు. నవ్వారే కానీ ఒప్పుకోలేదు. దూలం ఒకరికి ముద్దు, పెంకు ఒకరికి ముద్దు, ఒక్కటి ఆపితే అన్నీ ఆపాలి అన్నాడు సంఘపెద్ద. అదీ నిజమే. "వేలం మాత్రం నువ్వే వెయ్యాలె అన్నా. నీకంటె ఎవలు ఏస్తరు?"

పెద్దబాపు చాలాసేపు తువ్వాలు అంచు పోగులు పీకుతూ కూర్చున్నాడు. "ఏస్త. కానీ కోతల పండుగ లెక్కనే ఏస్త" అన్నాడు. అందరూ సరే అన్నారు.

ఇంటికి వచ్చాక మా తమ్ముడిని పిలిచి, "తలుపుకు నువ్వు పాడు. గెలిచి మల్ల దేవునికే అను. ఎవల్ పాడినా గట్లనే అంటరు. తిరిగి తిరిగి అలిసిపోయి తలుపు మన తాననే ఉంటది" అన్నాడు. అంత సంబరంగా ఆయన ముఖం ఆ ఏడు నేను చూడలేదు.

వేలం రోజు వాకిట్లో అదే బల్ల. రాళ్లు ఒక కాంట్రాక్టరుకు పోయాయి. దూలాలు రిసార్టు కడుతున్నవాళ్లకు పోయాయి. వాళ్లు బయటివాళ్లు, తిరిగి ఇస్తారని ఎవరమూ అనుకోలేదు. రాళ్ల మీద అంత ఆశా లేదు. తరువాత తలుపు. నలుగురు మోసుకొచ్చి గోడకు చేరేశారు. తలుపు లేని గుడి వైపు చూడబుద్ధి కాలేదు.

తమ్ముడు మొదలుపెట్టాడు. వెనుకనుంచి కొత్త గొంతు పెంచింది. చూస్తే కోస్తా వైపునుంచి వచ్చి సిటీలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసుకునే సారు, ఆయన భార్య. హిమాయత్‌నగర్ అనే మా పక్క పల్లె దగ్గర చిన్న ఇల్లు కట్టుకుంటున్నారు. ఆమె తలుపు మీద చేయి పెట్టి, "ఎంత చల్లగా ఉందో చూడండి" అన్నది. తమ్ముడు పెంచాడు, సారు పెంచాడు. తమ్ముడు తన శక్తికి మించి ఇంకొకసారి పెంచి నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. పిల్లల ఫీజులున్నాయి.

"ఒకటోసారి." తువ్వాలు మారింది. "రెండోసారి." ఆగాడు. అలవాటుగా అడిగాడు: "మీ అమ్మగారు మంచిగున్నరా సార్?"

సారు తికమకపడ్డాడు. "అమ్మా? బాగానే ఉందండీ. మాతోనే ఉంటుంది. ఇల్లెప్పుడవుతుందని రోజూ అడుగుతుంది."

పెద్దబాపు అందరి ముఖాలూ చూశాడు. ఎవరూ పాట పెంచలేదు. "మూడోసారి" అన్నాడు.

ఇక ఆ సారు అనాల్సిన మాట కోసం మేమంతా ఆయన నోటి వైపు చూస్తూ నిలబడ్డాం. ముసలివాళ్లు, పడుచువాళ్లు, చంక బిడ్డల తల్లులు, అందరమూ. ఇన్నేళ్లుగా ప్రతి ఒక్కరూ అనే మాట కాబట్టి, రాళ్లకు అనకపోయినా తలుపుకు అనని మనిషి ఉంటాడని మాకెవరికీ తోచలేదు. వేలం కోతల పండుగ లెక్కనే నడుస్తుందని పెద్దబాపు మొదట్లోనే గట్టిగా చెప్పాడు. ఆ మాట ఆ సారుకేం అర్థమవుతుంది?

"ఏమైనా ఫార్మాలిటీ ఉందాండీ?" అన్నాడాయన ఇబ్బందిగా. "ఫోన్‌లో కొట్టమంటారా, క్యాష్ ఇవ్వాలా?"

సంఘపెద్ద దగ్గాడు. తమ్ముడు పెద్దబాపు చెవి దగ్గరికి పోయి, "జర చెప్పరాదే ఆయనకు. మంచోని లెక్కనే ఉన్నడు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, విన్నాను.

"చెప్పి ఇప్పిచ్చుకుంటే గది అడుక్కునుడైతది, పాట కాదు" అన్నాడు పెద్దబాపు, పెదవులు కదిలీ కదలకుండా.

తలుపు ట్రాలీ ఆటో ఎక్కింది. రెక్కలు ఒకదానికొకటి రాసుకోకుండా పెద్దబాపే తన తువ్వాలు మడిచి మధ్యలో పెట్టాడు. ఆ తువ్వాలు తిరిగి తీసుకోలేదు.

గుడి కూలగొట్టిన పూట ఆయన ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మధ్యాహ్నానికి రాతి గుడి లేదు. బలిపీఠం ఉండిన చోట ఇప్పుడు డివైడరు, అందులో మట్టి కొట్టుకుపోయిన మొక్కలు. మేం షట్టరులో ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చొని పాడుకుంటున్నాం. షట్టరు పైకి లేపినప్పుడు రేకు మోతకు చంటిపిల్లలు ఉలిక్కిపడతారు. పెద్దబాపు కుర్చీ మీద ఎప్పుడూ అంచుకే కూర్చునేవాడు, ఎవరో వచ్చి లేవమంటారన్నట్టు. ప్లాటు మీద పునాది పడింది. అక్కడికి పోయి, వాకిలి వచ్చే చోట చేతులు బారజాపి వెడల్పు చూసుకునేవాడు. "సరిపోతది బిడ్డా, కొలిచినట్టు సరిపోతది" అనేవాడు నాతో. ఏది సరిపోతుందో నాకు తెలుసు.

ఒకనాడు ఆ సారు కారులో ఆయన ఇంటికే వచ్చాడు. "ఇల్లు పూర్తయిందండీ. మీ తలుపు పెట్టుకున్నాం. మీరు వచ్చి చూడాలి" అన్నాడు. పెద్దబాపు నన్ను తోడు రమ్మన్నాడు. పెద్దమ్మ రానన్నది. గడపలో కూర్చొని బియ్యం ఏరుతూ అడిగింది:

"తలుపు చూసుడుకు పోతున్నవా, అడుగుడుకు పోతున్నవా?"

"చూద్దం" అన్నాడు.

షేర్ ఆటోలో అసలు సంగతి చెప్పాడు. "గసొంటిదే కొత్త తలుపు చేయించి ఇస్తం, గది మాకియ్యిండ్రి అని అడుగుత. వడ్లాయనతోని మాట్లాడిన. ఒప్పుకుంటడంటవా?"

"ఒప్పుకుంటడు పెద్దబాపూ. అడుగు."

"ఆనాడు అడిగితే అడుక్కునుడైతుండె. ఇప్పుడు బదులు ఇస్తనే అడుగుతున్న. తప్పు లేదు గద?"

"లేదు."

దారంతా ఆ మాటే తిప్పి తిప్పి అడిగాడు.

ఆ ఇంటి ముందు చెప్పులు విడిచాడు. "పర్లేదండీ, వేసుకునే రండి" అని ఆమె అంటున్నా వినలేదు. తలుపు దగ్గరకు వేసి ఉంది. నూనె పట్టించారు, నిగనిగలాడుతోంది. పెద్దబాపు బొటనవేలు ఎడమ రెక్క కింద పెట్టబోయాడు. వాళ్ల వడ్రంగి దాన్ని సాపు చేశాడు కాబోలు, కింద సందే లేదు. చేత్తో నెట్టగానే అది అల్లంత దూరం తేలిగ్గా పోయింది, ఆయన ముందుకు తూలాడు. నేను రెక్క పట్టుకున్నాను.

లోపల సారు వాళ్ల అమ్మ. సన్నని మనిషి, చేతిలో కర్ర. "రండి బాబూ, రండి. మీరేనా తలుపు ఇచ్చినవాళ్లు?" అంది. ఆమె వచ్చి మా వెనుక తలుపు మూసి గడియ పెట్టింది. పెట్టాక గడియ మీద చేయి అలాగే ఉంచింది. "ఫ్లాట్‌లో ఉన్నన్నాళ్లూ నాకు నిద్రే లేదండీ. ఆ తలుపులకు బరువే ఉండదు, వేశామో లేదో తెలియదు. వీళ్లిద్దరూ పనికి పోతే ఒక్కదాన్నే ఉంటానా, ఎవరొస్తారో అని గుండె దడ. ఇది వేసుకుంటే ఎవరో మనిషి అడ్డం నిలబడ్డట్టుంటుంది. మధ్యాహ్నం కూడా కునుకు పడుతోంది, నమ్ముతారా?"

"నమ్ముత తల్లీ" అన్నాడు పెద్దబాపు.

కాఫీ ఇచ్చారు. నేను ఆయన వైపు చూశాను. ఆయన గ్లాసులోకి చూస్తున్నాడు. సారే మాట కదిపాడు.

"అప్పటినుంచి అడుగుదామనుకుంటున్నానండీ. ఆ రోజు వేలం అయిపోయాక మీరంతా నా వైపు అలా చూస్తూ నిలబడ్డారెందుకు? నేనేమైనా తప్పు చేశానా?"

అడగడానికి ఇంతకన్నా దారి ఏముంటుంది? తెరిచి పెట్టినట్టే ఉంది. నేను ఆయన మోచేతిని పొడిచాను.

పెద్దబాపు గ్లాసు కింద పెట్టాడు. ముసలమ్మ వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. "తప్పేం లేదు సార్. మాది పల్లెటూరు. కొత్తోళ్లు కనవడితే గట్లనే చూస్తం" అన్నాడు. సారు నవ్వాడు. పెద్దబాపు కూడా నవ్వాడు.

తిరుగు ఆటోలో నాకు ఒళ్లు మండిపోయింది. "ఎందుకు అడగలే? ఆయన ఇస్తుండె. ముఖంల కనవడుతున్నది ఇస్తడని."

"ఇస్తడు బిడ్డా. గందుకే అడగలే."

"గదేం మాట?"

"ఇస్తడు, ఇప్పుకొని పోతం. వడ్లాయన కొత్తది చేసేదాంక గా ముసలామె ఏం తలుపు ఏసుకొని పండుకుంటది? చేసినంక గంత బరువుంటదా అది?"

నేను ముఖం అటు తిప్పుకున్నాను. రోడ్డు పక్కన ఫామ్‌హౌసుల గోడలు, వాటి మీద బోర్డులు. నా కోపం ఆయన మీదనా, ఆ మంచి మనుషుల మీదనా, రోడ్డు మీదనా నాకే తెలియలేదు. ఇంకో మాట అందామని ఇటు తిరిగితే ఆయన నిద్రపోతున్నాడు. తల నా భుజానికి ఆనింది. నోరు కొంచెం తెరుచుకొని ఉంది. తువ్వాలు లేని ఆ భుజం బక్కగా, చిన్నపిల్లవాడి భుజంలా ఉంది.

"మీ ఊరి స్టేజీ ఒచ్చింది అక్కా, దిగుతరా?" అన్నాడు ఆటో అతను.

"నడువన్నా, ముందుకే నడువు. ఆడికేలి మల్ల ఎనుకకు ఒస్తం" అన్నాను, ఆయన తల ఆనిన భుజం కదపకుండా.